తాళ్ళ సందులో బుసకొట్టే దీపం

చీకటి పడ్డాక తాళ్ళ సందులోంచి వెళ్ళకూడదు. విన్స్‌బీ రేవులో పిల్లలకు ఈ మాట ఉగ్గుపాలతోనే పోస్తారు. వెళ్ళక తప్పకపోతే తల ఎత్తకూడదు. తల ఎత్తినా... పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకకూడదు.

ఒకప్పుడు ఆ సందులో పడవలకు తాళ్ళు పేనేవారు. పేనేవాళ్ళలో డోర్కాస్ అని ఒకామె ఉండేది. మా రేవులో ఒక అలవాటుంది. మగవాడు సముద్రం మీద ఉన్నంతసేపూ ఇంటి కిటికీలో కొవ్వొత్తి వెలుగుతూ ఉండాలి. ఒక చలికాలపు సాయంత్రం డోర్కాస్ పొయ్యి పక్కన కూర్చుని కునుకు తీసిందట. లేచేసరికి కొవ్వొత్తి ఆరిపోయి ఉంది. మొగుడు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె ఎంతోకాలం బతకలేదు.

చచ్చి కూడా సందు వదల్లేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఇంకొకరి దీపం వెలుగుతుంటే చూసి ఓర్వలేదట. ఊదేస్తుందట.

నేను నమ్మేదాన్ని కాదు. నా పేరు ఫీబీ. కొండమీది ఇంట్లో ఆర్మిటేజ్ అమ్మగారికి వంట చేసిపెడతాను. నా మొగుడు ఓబెడ్ పడవ మీద కాడ్ చేపల వేటకు వెళతాడు. ఇంటా బయటా ఇంత పని పెట్టుకున్నదానికి దెయ్యాలను నమ్మేంత తీరిక ఎక్కడిది?

కానీ నాలుగేళ్ళ కిందట కౌన్సిలువారు ఆ సందు చివర, రేవు మెట్ల పైన, కరెంటు దీపం పెట్టించారు. అప్పుడు మొదలైంది.

మొదటి వారం బ్రహ్మాండంగా వెలిగింది. రెండో వారం ఒక సాయంత్రం... ఉన్నట్టుండి... ష్ష్ష్ష్... అని బుసకొట్టింది. తెల్లటి వెలుగు ఊదారంగుకు తిరిగింది. కిందికి కుంగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ బుస! ఇంకో రోజు పూర్తిగానే ఆరిపోయింది.

"డోర్కాసే," అన్నారు ఊళ్ళోవాళ్ళు. "ఊదుతోంది."

నవ్వుకుని ఊరుకునే సంగతైతే నేనూ నవ్వేదాన్నే. మా రేవులోకి రావాలంటే రెండు బండల మధ్యనుంచి రావాలి. పడవ పట్టేంత దారి, అంతే. చలికాలంలో నాలుగింటికే చీకటి. మెట్ల పైనున్న ఆ దీపాన్ని ముక్కుకు సూటిగా పెట్టుకుని వస్తేనే పడవ క్షేమం. నవంబరులో మా ఓబెడ్ సరిగ్గా బండల మధ్యకు వచ్చాక దీపం ఆరింది. పడవ పక్క చెక్క మొత్తం గీసుకుపోయింది. ఒక తెడ్డు రెండు ముక్కలైంది. ఇంటికొచ్చి సూప్ తాగుతూ "ఏం కాలేదులేవే" అన్నాడు గానీ, సగంలోనే గిన్నె పక్కకు తోసేశాడు. ఆ రోజునుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

ఊళ్ళో దీపాలన్నిటికీ అధికారి సెప్టిమస్ గార్బట్ గారు. ఏ గదిలోకైనా ముందు ఆయన మీసాలు వచ్చేవి, తర్వాత తీరిగ్గా ఆయన వచ్చేవారు. దెయ్యం మాట ఎత్తితే మండిపడేవారు. "ఆడవాళ్ళ పిచ్చి భయాలు! దీపానికి బలం చాలడం లేదు, అంతే!" అని కరెంటు తయారయ్యే ఇంజను గదిలో పిడి తిప్పి కరెంటు పెంచేవారు. దీపం ఇంకా గట్టిగా బుసకొట్టేది. ఆయన ఇంకా పెంచేవారు. మూడేళ్ళపాటు ఆయనా దీపమూ పంతానికి పంతంగా అలా గడిపారు.

అసలు సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఒక్కరే. మా అమ్మగారు.

ఆర్మిటేజ్ అమ్మగారి భర్త పోయి పదేళ్ళయింది. ఇంట్లో గిన్నెలు కడిగే గదిని ఆవిడ ప్రయోగాలకు లాక్కున్నారు. అక్కడ అలాంటిదే ఒక దీపం బిగించుకుని, నల్ల అద్దంలోంచి చూస్తూ రోజులకు రోజులు లెక్కలు రాసుకునేవారు. దీపంలో వాడేది రెండు బొగ్గు కడ్డీలు. వాటి కొనలు ఎదురెదురుగా పెడితే నడుమ వెలుగు దూకుతుంది. ఆ కడ్డీలను సానబట్టడానికి ఆవిడ వాడింది నేను జాజికాయ తురిమే కోరాము. ఆ క్రిస్మస్‌కు మా ఇంట్లో పుడ్డింగు నల్లగా ఎందుకుందో పాదిరిగారికి ఇప్పటికీ తెలియదు.

సాయంత్రాలు షికారుకు వెళ్ళినప్పుడు ఆవిడ తాళ్ళ సందులోనే ఆగేవారు. ఊరు మొత్తం తప్పించుకు తిరిగే చోట, ఆ దీపం కింద నిలబడి నాకు పాఠం చెప్పేవారు.

"చూడు ఫీబీ, పై కడ్డీ కొనలో తెల్లగా కాలి చిన్న గుంట పడుతుంది. ఆ గుంట కొనలో ఇమిడినంతసేపూ దీపం నోరెత్తదు. కరెంటు ఎక్కువైతే గుంట అంచులు దాటి పాకుతుంది. అప్పుడు గాలి లోపల దూరుతుంది. గాలి తగిలితే బొగ్గు అంటుకుంటుంది. ఆ చప్పుడే ఈ బుస."

"అంటే చిన్న గిన్నెలో పాలు పోసి పెద్ద మంట పెట్టినట్టా అమ్మగారూ?"

"అచ్చం అంతే! గిన్నె పెద్దది చెయ్యాలి, మంట తగ్గించాలి. లావు కడ్డీలు వెయ్యాలి, కరెంటు తగ్గించాలి. వంటింట్లో నీకు అర్థమైంది ఆఫీసులో ఆయనకు అర్థం కాదేం?"

సందులో మేమిద్దరమే. అలా ఎన్ని సాయంత్రాలో! ఆవిడ చెప్పేవారు, నేను ఊ కొట్టేదాన్ని.

ఈ సంగతే గార్బట్ గారికి మూడు ఉత్తరాలు రాశారు. రెండింటికి జవాబు లేదు. మూడోదానికి వచ్చింది — దీపాల బరువు మగవాళ్ళకు వదిలేసి మీరు ఆరోగ్యం చూసుకోండి మేడం, అని. స్వయంగా ఆఫీసుకు వెళితే కుర్చీ వేసి, టీ ఇచ్చి, మార్మలేడ్, అదే నారింజ జామ్, ఎలా చేస్తారని అడిగారట.

పోనీ ఊళ్ళోని విజ్ఞాన సంఘంలో చదువుదామని వ్యాసం రాశారు. అక్కడి నియమం ప్రకారం ఆడవాళ్ళు పై వరసలో కూర్చుని వినవచ్చు, కింద వేదిక మీద నిలబడి చదవకూడదు. ఎవరైనా మగ సభ్యుడి చేత చదివించుకోండి అన్నారు. చదవడానికి ముందుకొచ్చిన సభ్యుడు ఎవరనుకున్నారు? గార్బట్ గారే! అమ్మగారు కాగితాలు మడిచి సొరుగులో పడేశారు. ఆ రోజు ఆవిడ భోజనం చెయ్యలేదు. నాకు ఏడుపొచ్చింది.

డిసెంబరు వచ్చింది. దెయ్యం పట్టిన దీపం మాకొద్దని ఊరంతా గొడవ. గురువారం సాయంత్రం ఆరింటికి కౌన్సిలు కూర్చుని, దాన్ని పీకెయ్యాలా వద్దా తేల్చాలి. పీకేస్తే రేవు మెట్లమీద ఇక చీకటే.

"పీకడానికి ముందు ఆ పూట నేనే దాని కింద నిలబడతాను," అన్నారు గార్బట్ గారు మీసం దువ్వుకుంటూ. "ఏ డోర్కాస్ వస్తుందో చూస్తాను."

అక్కడినుంచి జరిగింది ఆయన నోటితో కౌన్సిలులో చెప్పిందే. ఊళ్ళో అందరూ విన్నట్టే నేనూ విన్నాను. విన్నట్టే చెబుతాను.

నాలుగున్నర. ఈశాన్యం నుంచి ఈడ్చి కొట్టే గాలి. ఆరు పడవలు ఇంకా సముద్రం మీదే. గార్బట్ గారు చేతికర్ర ఊపుకుంటూ, ఈలపాట పాడుకుంటూ సందులోకి దిగారు.

సగం దూరం వెళ్ళారు...

ఈల ఆగిపోయింది.

ముందు దీపం. తెల్లగా లేదు — ఊదాగా ఉంది. ష్ష్ష్ష్... అంటోంది.

తల ఎత్తకూడదు. ఆయనకూ తెలుసు. కానీ ఎత్తారు.

దీపం పక్కన... గాల్లో... నల్లటి ఆకారం. ఆడమనిషి. పావడా అంచులు గాలికి రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. మెల్లగా తల ఇటు తిప్పింది.

మొహం లేదు.

మొహం ఉండాల్సిన చోట నల్లటి పలక. ఆ పలకలో, ఒకే కన్నులా, ఊదా మంట.

"ఎ... ఎవరది?"

పైనున్నది కదల్లేదు. కానీ చెవి పక్కనే — చెవిలో ఊపిరి తగిలేంత పక్కన — ఎవరో గుసగుసగా అన్నారు.

"కరెంటు తగ్గించు... గార్బట్..."

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

"లావు కడ్డీలు వెయ్యి... పడవలు వస్తున్నాయి..."

అంతే. గార్బట్ గారు కాళ్ళకు బుద్ధి చెప్పారు. చేతికర్ర సందులో ఉండిపోయింది. టోపీ రేవు నీళ్ళలో తేలింది. పై వరస కట్టుడు పళ్ళు మర్నాడు చేపల బుట్టలో దొరికాయి. అమ్మిన మనిషి, కొనడానికొచ్చిన మనిషి, ఇద్దరూ కెవ్వుమన్నారు.

కానీ ఒకటి చెప్పుకోవాలి. ఆయన ఇంటికి పరుగెత్తలేదు. నేరుగా ఇంజను గదిలోకి పడ్డారు. అక్కడున్నవాణ్ణి పక్కకు తోసి, మూడేళ్ళుగా పెంచుతూ వచ్చిన పిడిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తిప్పారు.

సందులో బుస ఆగిపోయింది.

కౌన్సిలువాళ్ళు లాంతర్లు పట్టుకుని గుంపుగా వచ్చేసరికి దీపం తెల్లగా, నిబ్బరంగా వెలుగుతోంది. చప్పుడన్నది లేదు. మెట్లమీద ప్రతి రాయీ లెక్కపెట్టొచ్చు. ఆ వెలుగులో ఒక్కొక్క పడవే బండల మధ్యనుంచి లోపలికి వచ్చింది. ఒకటి... రెండు... నాలుగు... అయిదు. ఆరోది ఎంతకీ రాలేదు. నేను వేళ్ళమీద మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఆఖరికి మా ఓబెడ్ గొంతు వినిపించింది — "ఏమేవ్ ఫీబీ! ఈ గుంపేంటి, ఎవరైనా పోయారా?" — అని. ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

ఇంక ఆ దెయ్యం ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది.

గాల్లో ఉన్నది మా ఆర్మిటేజ్ అమ్మగారు. నిలబడింది ఆపిల్ పళ్ళు కోసే నిచ్చెన మీద. మొహం మీది పలక ఆవిడ నల్ల అద్దం. ఇక ఉత్తరాలు రాసి లాభం లేదని, తన లావు కడ్డీల తోకలు దీపంలో పట్టేలా నా కోరాముతో అరగదీసి, కరెంటు వదలకముందే ఎక్కి బిగించారు. కానీ గార్బట్ గారు పెంచిపెట్టిన కరెంటుకు లావు కడ్డీలు కూడా ఆగలేదు. బుస తగ్గింది గానీ పోలేదు. నిచ్చెన కింద ఏప్రన్ నెత్తిమీద కప్పుకుని, నీడలో గోడకు అతుక్కుపోయి, నిచ్చెన కాళ్ళు పట్టుకున్నది నేను. సముద్రం మీద నా మొగుడున్నాడు. అవసరమైతే స్తంభం కూడా నేనే ఎక్కేదాన్ని.

ఆయన పారిపోగానే అమ్మగారు దీపం మీది గాజు బుడ్డి మూసి దిగారు. నిచ్చెన ఎత్తుకుని ఇద్దరం పక్క సందులోకి జారుకున్నాం. అమ్మగారు నా భుజం తట్టి, "భలేదానివి ఫీబీ!" అన్నారు. "మీరే భలేవారు!" అన్నాను నేను. నిచ్చెన అటకెక్కించి, మొహం కడుక్కుని, అందరితోపాటు నేనూ రేవు మెట్ల దగ్గరికి పరుగెత్తాను.

దీపం పీకలేదు. ఆ పూటే కౌన్సిలు తీర్మానం రాసుకుంది. పళ్ళు లేని నోటితో గార్బట్ గారు చెప్పింది చెప్పినట్టు మేయరుగారు రాయించారు. ఇప్పటికీ పుస్తకంలో ఉంది — "కీర్తిశేషురాలు డోర్కాస్ గారి సలహా మేరకు తాళ్ళ సందు దీపంలో లావు కడ్డీలు వాడవలెను, కరెంటు తగ్గించవలెను." ఏకగ్రీవంగా!

నాకు కడుపు మండిపోయింది. బతికున్న ఆడది మూడు ఉత్తరాలు రాస్తే మార్మలేడ్ గురించి అడిగారు. చచ్చిపోయిన ఆడది ఒక్కసారి చెవిలో చెబితే పుస్తకంలో ఎక్కించారు. వెళ్ళి నిజం చెప్పేస్తానని శాలువా కూడా కప్పుకున్నాను. అమ్మగారే ఆపారు.

"మనమని తెలిస్తే మళ్ళీ పిడి తిప్పేస్తారు ఫీబీ. దీపం వెలగనీ."

అలా అన్నారు గానీ, ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కిటికీ వైపు తిరిగారు. నాకు మొహం కనబడనివ్వలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. ఏడాది గడిచింది. ఇంకో డిసెంబరు. నేను పిండి కలుపుతుంటే అమ్మగారు తన లెక్కల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఫీబీ, ఆ రోజు గార్బట్‌తో నువ్వన్న మాటలు ఒకసారి సరిగ్గా చెప్పు. ఏ మాట తర్వాత కరెంటు తగ్గిందో రాసుకోవాలి."

"నేనన్న మాటలేమిటమ్మగారూ? అన్నది మీరు కదా!"

"నేనా?"

"కరెంటు తగ్గించు, గార్బట్... అని. చచ్చేంత భయంలో కూడా నాకు నవ్వొచ్చింది."

అమ్మగారు నా వంక చూశారు. ఆవిడ చేతిలో పెన్సిలు కదల్లేదు.

"గాజు బుడ్డి విప్పాక మూడు మరమేకులు పళ్ళ మధ్య పట్టుకున్నాను ఫీబీ. కిందికి దిగేదాకా నోరు తెరవలేదు. ఎలా మాట్లాడతాను?"

ఆ పూట నేనూ మాట్లాడలేదు. ఏప్రన్ నోట్లో కుక్కుకుని ఉన్నాను.

పొయ్యిలో బొగ్గు చిటపటమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"లావు కడ్డీలు, తక్కువ కరెంటు," అన్నారు అమ్మగారు చాలా మెల్లగా. "ఈ సంగతి నేను నీకు తప్ప ఎవరికీ నోటితో వివరంగా చెప్పలేదు. నీకు ఎక్కడ చెప్పేదాన్ని?"

ఎక్కడో నాకు తెలుసు. మూడేళ్ళపాటు, ప్రతి సాయంత్రం, ఆ దీపం కిందే. సందులో మేమిద్దరమే అనుకున్నాం.

ప్రతిదానికీ కారణం వెతికే మనిషి మా అమ్మగారు. ఆ పేజీలో తేదీ వేసి, ఒక్క ముక్క రాశారు: "కారణం తెలియదు." పుస్తకం మూసి సొరుగు దగ్గరికి వెళ్ళారు. మడతపెట్టి పడేసిన ఆ వ్యాసం బయటికి తీశారు.

"శాలువా కప్పుకో. లాంతరు తీసుకో."

"ఎక్కడికమ్మగారూ, ఈ చలిలో?"

"చదవడానికి. వినేవాళ్ళున్న చోట చదవాలి కదా."

అయిదున్నరకు తాళ్ళ సందులో నిలబడ్డాం. పిల్ల పురుగు కూడా లేదు. అమ్మగారు టోపీ సర్దుకుని, గొంతు సవరించుకుని, వేదిక మీద నిలబడ్డట్టే నిటారుగా నిలబడి చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీ. రెండోది. మూడోది. ఆవిడ గొంతు అంత గట్టిగా, అంత సంతోషంగా నేనెప్పుడూ వినలేదు. దీపం చప్పుడు లేకుండా తెల్లగా వెలుగుతోంది. కౌన్సిలువాళ్ళు రాసుకున్న తీర్మానంలో తప్పేమీ లేదేమోనని అప్పుడే మొదటిసారి అనిపించింది నాకు. దీపం చూసి ఓర్వలేకపోవడమేమిటి? కొవ్వొత్తి ఆరిపోయి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి, దీపం ఆరకుండా ఉండాలని మాకంటే ఎక్కువే ఉండదూ?

నాలుగో పేజీ మధ్యలో —

ష్ష్ష్...

ఒక్కసారే. పొట్టిగా. లాంతరు జారిపోబోయింది.

అమ్మగారు ఆగారు. తలెత్తి దీపం వంక చూశారు. తర్వాత చేతిలో కాగితం వంక చూశారు. పేజీ వెలుగుకు దగ్గరగా పట్టుకుని, ఆ వరస మళ్ళీ చదువుకుని, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకున్నారు.

"అవును," అన్నారు. "ఇక్కడ లెక్క తప్పేశాను."

జేబులోంచి పెన్సిలు తీసి దిద్దారు. దీపం మళ్ళీ నిశ్శబ్దంగా వెలిగింది. అమ్మగారు ముందుకు చదువుకుంటూ వెళ్ళారు.